కాసులతిప్ప

గేట్లు మూసేదాకా ఇరవై రెండు రోజులే అన్నారు.
మంథని ఎగువన గోదారి
ఎండలకు లోపలికి గుంజుకుంటే
మూడెకరాల మట్టి వీపు పైకి తేలుతుంది.
వానకొట్టినంక పిల్లలు కాసులు ఏరుకునేటోళ్లట,
అందుకే ఊరోళ్లకది కాసులతిప్ప.
మా మ్యాపులో మాత్రం ఉత్త నీలిరంగు.

నేను కుండపెంకుల బొమ్మలు గీసే ఉద్యోగిని.
హన్మకొండ ఆఫీసులో ట్యూబులైటు కింద
ఇరవై ఏండ్లుగా
పగిలినవాటి అంచులు కొలుస్తున్నాను.
ఓదెలు పుట్టి ఎక్కిన తొలి పొద్దున
నాకంటే ముందు నా డ్రాయింగు బోర్డు తడిసింది.

జల్లెడ దగ్గర కొంరవ్వ.
కుమ్మరోళ్ల కోడలు.
మునిగిన రేలకుర్తి నుంచి
కాలనీలో ప్లాటు నంబరు నూట పద్నాలుగుకు వచ్చిపడ్డ మనిషి.
అక్కడ ఆము పెట్టేంత జాగ లేదు.
సారె గోడకు ఆనించి ఉంది, దాని మీద బట్టలు ఆరేస్తారు.

తొమ్మిదో రోజు జల్లెడలో ఒక మొన మిగిలింది.
జానెడు పొడవు, ముల్లంగి కొసలా సన్నబడ్డ కాల్చిన మట్టి.
ఆమె దాన్ని గోరుతో గీకింది,
నాలుక చివర తాకించింది.
"ఇది మన మన్ను గాదు సారు.
ఇండ్ల నల్లిసుక మెరుస్తుంది సూడు,
మన ఏట్ల అసొంటిది లేదు."

డైరెక్టరుగారు గొడుగు వదిలేసి ఉరికొచ్చారు.
రోము నుంచి ఓడలో ద్రాక్షసారా మోసుకొచ్చిన జాడీ,
దాని అడుగు ఇది, అన్నారు. గొంతు వణికింది.
కొంరవ్వ ఒక్కటే అడిగింది:
"అడుగే మొనయితే అది కూసోదు గదా?"
ఇసుకలో గుచ్చుతారు, లేకుంటే పక్కదానికి ఆనిస్తారు.
"అట్లనా. మా కల్లు లొట్టికి చెట్టు,
దీనికి పక్కింటిది" అని
మళ్లీ మట్టి పోసుకుంది.

పదమూడో రోజు వెండి కాసు.
తలకు ఆకుల దండ, పక్కకు తిరిగిన పరదేశి రాజు,
చెంప మీద ఉలిగాటు.
లోపలిదాకా వెండేనా అని
ఇక్కడి సంతలో ఎవరో కోసి చూసి ఉంటారట.
"సూడరా మరి?" అన్నది.
"మా అమ్మమ్మ మెడల ఇంగ్లీషు రాణి ఉండె.
ఒక్క దారానికి పన్నెండుగురు రాణులు.
కరువుల ఒక్కొక్కామెను అమ్మి జొన్నలు తెచ్చింది.
సేటు ప్రతి రాణిని
బండమీద కొట్టి చెవి పెట్టి ఇన్నడు."

సద్ది విప్పుకుంటూ మళ్లీ:
"గింత దూరం తెచ్చినోడు ఉత్తచేతుల పోడు.
ఏం కొనకపోయిండు?"
పూసలో, నూలుబట్టో, ఇనుమో, అన్నాను.
"ఏ ఊర్ల కొన్నడో ఇంటికి పోయి చెప్పిండా?"
వాళ్ల నావికులు రేవుల పేర్లు రాసుకున్నారు,
అదంతా సముద్రపు ఒడ్డు.
ఇంత లోపలి తిప్ప ఎవరి లెక్కలోనూ లేదు.
ఆమె ఉల్లిగడ్డ కొరికి
గడ్డంతో నీళ్లవైపు చూపింది.
రేలకుర్తి బడి గోడ, పై రెండు వరుసలు,
వాటి మీద ఒక కొంగ.
"అది గూడ ఎవలు రాసుకోలే."

ఇరవయ్యో రోజే నీళ్లొచ్చాయి.
ఫోను మోగేసరికి తూర్పు గుంత నిండింది.
టేపులు, జల్లెడలు, చాయ్ గిన్నె, పెంకుల సంచులు
అన్నీ ఓదెలు పుట్టిలోకి విసిరేశాం.
కొంరవ్వకు నాలుగు రోజుల కూలి బాకీ.
ఫైలు పైకి పోయిందంటున్నారు.

ఇప్పుడా మొన నా బల్ల మీద ఉంది.
నిలబెడితే నిలబడదు.
చాయ్ గ్లాసుకు ఆనించి గీస్తున్నాను:
ఎడమవైపు నిలువుగా కోసినట్టు గోడ మందం,
కుడివైపు బయటి చర్మం, మా రివాజు అది.
దొరికిన చోటు రాసే గడిలో
మూడక్షరాల కోడు వేయాలి.
రేలకుర్తి అని పూర్తిగా రాశాను.
గడి చాలక
చివరి అక్షరం గీత దాటింది.